ఏడేళ్ల శిక్ష పడ్డ రామలింగరాజు నెల రోజుల్లో బయటికి ఎట్లా వచ్చారు?

ప్రశ్న: కాజీపేట పోరడు
హన్మకొండ చౌరస్తాలో మా షాపు. మొన్న చాయ్ తాగుతుంటే సత్యం కంప్యూటర్స్ పెట్టిన రామలింగరాజు మీది దొంగలెక్కల కేసు గురించి లొల్లి అయింది. "పైసలున్నోనికి జైలేంది, కేసు కొట్టేసిన్రు" అంటడు మా బాబాయ్. 2015 ఏప్రిల్‌లో శిక్ష పడ్డట్టు నాకు బాగా గుర్తు. మరి మే నెలలోనే బయటికి ఎట్లా వచ్చారు? కోర్టు సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: బెంచి క్లర్క్, రిటైర్డ్, సుబేదారి
తమ్ముడూ, కేసు కొట్టేయలేదు. ఏప్రిల్ 9న హైదరాబాద్‌ ప్రత్యేక కోర్టు ఆయనతో కలిపి పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్లు వేసింది. మే 11న మెట్రోపాలిటన్ సెషన్స్ కోర్టు, అప్పీలు తేలేదాకా శిక్ష ఆపి బెయిలిచ్చింది. అంతమాత్రాన నిర్దోషి అయినట్టు కాదు. నేను అదాలత్‌లో పనిచేసినన్నాళ్లూ గొర్రెల దొంగతనం కేసులకు కూడా ఇట్లా శిక్ష ఆపమని సీఆర్‌పీసీ (అప్పటి నేర విచారణ చట్టం) 389 కింద దరఖాస్తులు వచ్చేవి. కాకపోతే పెద్దోళ్ల వకీలు చేతిలో అప్పీలు కాగితాలు ముందే తయారుగా ఉంటాయి. పేదోడు జమానత్‌దార్లను వెతుక్కునేసరికే పుణ్యకాలం గడిచిపోతుంది. నాకు మండేది అక్కడే.

ఏడేళ్లే ఎందుకంటే, విచారణ జరిగింది మెజిస్ట్రేట్ కోర్టులో. అప్పటి చట్టంలో చీఫ్ మెట్రోపాలిటన్ మెజిస్ట్రేట్‌కైనా అంతకు మించి వేసే అధికారం లేదు. పెట్టిన సెక్షన్లలో నమ్మకద్రోహానికి వేసే ఐపీసీ 409 ఉంది, దానికి యావజ్జీవం దాకా వేయొచ్చని అప్పటి చట్టంలో రాసున్నా మెజిస్ట్రేట్ కోర్టు అంత వేయలేదు. పైగా తీర్పుకు ముందే ఆయన రెండున్నరేళ్లకు పైగా కస్టడీలో ఉన్నారు (అందులో చాలా కాలం నిమ్స్‌లో, అది వేరే కథ). ఆ కాలం శిక్షలో తగ్గుతుంది.

జవాబు: ములుగు రోడ్డు
మా పెద్దమ్మకు గుండెనొప్పి వస్తే ఎంజీఎం ఆసుపత్రికి తెచ్చింది 108. 2005లో అది మొదలుపెట్టింది ఈయనే కదా. తిట్టాలంటే నోరు రాదు.

జవాబు: బెంచి క్లర్క్, రిటైర్డ్, సుబేదారి
108కి నేనూ దండం పెడతానమ్మా. కానీ సత్యం కంపెనీకి బ్యాంకులో ఉన్నట్టు చూపిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న లేఖ రాసింది కూడా ఆయనే. ఆ ఒక్కరోజే షేరు 179 నుంచి 40 రూపాయల దగ్గరికి పడింది. పెన్షన్ డబ్బులు అందులో పెట్టుకున్న మనిషిని ఏ అంబులెన్స్ ఎక్కించాలి?

జవాబు: సీఏ ఫైనల్, నయీంనగర్
ఆ పది మందిలో ఇద్దరు ఆడిటర్లున్నారని ఎవరూ అనరేం? ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందో లేదో బ్యాంకునే నేరుగా అడిగి, జవాబు బ్యాంకు నుంచే తెప్పించుకోవాలి. ఇది మాకు మొదట్లోనే నేర్పే పాఠం. కంపెనీ చేతికిచ్చిన కాగితం చూసి సంతకం పెడితే ఎన్ని వేల కోట్లైనా కనపడతాయి. సార్, 389 ఇప్పటికీ ఉందా?

జవాబు: బెంచి క్లర్క్, రిటైర్డ్, సుబేదారి
2024 జూలై నుంచి సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త చట్టం వచ్చింది కదా, అందులో అదే 430. కొత్త నంబర్లు నాకింకా నోటికి ఎక్కట్లేదు.