మెడికల్ ఇంటెలిజెన్స్‌ను "ఆరోగ్య నిఘా" అనొచ్చా?

ప్రశ్న: అమెరికా రక్షణ శాఖలో నేషనల్ సెంటర్ ఫర్ మెడికల్ ఇంటెలిజెన్స్ అని ఒక సంస్థ ఉంది. వ్యాసంలో దీన్ని "జాతీయ ఆరోగ్య నిఘా కేంద్రం" అని రాస్తే సరిపోతుందా?

జవాబు: నన్నడిగితే వద్దండి. తెలుగులో ఆరోగ్య నిఘా అంటే ఇప్పటికే వేరే అర్థం స్థిరపడింది. ఆస్పత్రులు, ల్యాబ్‌లు కేసుల వివరాలు పంపుతాయి, ఆరోగ్య శాఖ వాటిని లెక్కగట్టి ఎక్కడ పెరుగుతున్నాయో చూస్తుంది. అక్కడ వివరాలు చెప్పేవాళ్ళు చెప్పాలనే చెబుతారు.

మీరు అడిగిన సంస్థ పని అలాంటిది కాదు. మేరీల్యాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్‌లో, డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ కింద ఉంటుంది. ఇప్పటి పేరు 2008లో వచ్చింది. వాళ్ళు చూసేది పరాయి దేశాల సంగతి. అక్కడి ప్రభుత్వం చెప్పకపోవచ్చు, ఒక్కోసారి దానికే తెలియకపోవచ్చు. పైగా జబ్బులొక్కటే కాదు. నీళ్ళలో, గాలిలో కలిసే విషాలు, అక్కడి ఆస్పత్రుల స్తోమత, బయోటెక్నాలజీలో కొత్తగా ఏం జరుగుతోంది, అన్నీ వాళ్ళ పనే.

సైన్యానికి ఇదెందుకంటే కొరియా యుద్ధం చూడండి. 1951 నుంచి ఐక్యరాజ్యసమితి దళాల్లో సుమారు 3 వేల మందికి రక్తస్రావంతో కూడిన జ్వరం వచ్చింది. అమెరికా డాక్టర్లకు అది కొత్త జబ్బు. హంటాన్ నది పేరు పెట్టుకున్న ఆ వైరస్ దొరికింది 1970లలో. దళం దిగకముందే అలాంటి ప్రమాదాన్ని పసిగట్టడం ఈ సంస్థ పని.

అందుకే నా ఓటు "వేగు"కు. సేన కంటే ముందు వెళ్ళి అవతలి సంగతులు చూసొచ్చేవాడు వేగులవాడు. "సైనిక వైద్య వేగు కేంద్రం" అనండి, తొలిసారి అసలు పేరు కూడా తెలుగు లిపిలో ఇవ్వండి.

మరొకరు: వేగు అంటే దొంగచాటు వ్యవహారం అనిపించదా? వీళ్ళు చదివేవాటిలో పత్రికలు, వైద్య జర్నళ్ళు కూడా ఉంటాయి కదా.

జవాబు: ఉంటాయి. దాపరికం గూఢచర్యం అనే మాటలోనే ఉంది, "గూఢ" అని ముందే చెబుతోంది. వేగులో అంత లేదు. "సమాచార కేంద్రం" అంటే మాత్రం మరీ చప్పగా ఉంటుంది. సమాచారం వాళ్ళకు ముడిసరుకు మాత్రమే.

ప్రశ్న అడిగినవారు: మరి వాళ్ళు ఇచ్చే పత్రాన్ని నివేదిక అనొచ్చా?

జవాబు: నివేదిక అంటే జరిగినదాని గురించి అనిపిస్తుంది. "అంచనా" అనండి. 2009 ఏప్రిల్‌లో స్వైన్ ఫ్లూ ప్రపంచమంతా పాకుతుందని ఈ సంస్థ అంచనా వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది జూన్ 11న. ఆ రెండు నెలల తేడాలోనే వాళ్ళ పని విలువ తెలుస్తుంది.

కోవిడ్ గురించి రాస్తే ఇంకా జాగ్రత్త కావాలి. ఈ సంస్థ 2019 నవంబరులోనే వూహాన్ గురించి హెచ్చరించిందని 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక వార్త వచ్చింది. అలాంటి పత్రమేదీ లేదని సంస్థ డైరెక్టర్ బహిరంగంగా ప్రకటించారు. కాబట్టి అక్కడ "హెచ్చరించింది" అని రాయకండి, "హెచ్చరించిందని వార్త వచ్చింది, సంస్థ ఖండించింది" అని పూర్తిగా రాయండి.