కొత్త రైఫిల్‌కు ట్రిగ్గర్ మార్చాలా? గుత్తి తమ్ముడి ప్రశ్న, మనవాళ్ల జవాబులు

గుత్తి తమ్ముడు, డాలస్:

అన్నలందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పల్లె. ఈ మధ్యే హెచ్1బీ మీద డాలస్ వచ్చాను. ఆఫీసులో ఒకతను అడవిపందుల వేటకు రమ్మంటున్నాడు. మా చెనక్కాయ చేన్లలో పందులు పడి రాత్రికి రాత్రే కాయంతా పెకలించిపోవడం చూస్తూ పెరిగాను కాబట్టి ఇక్కడి రైతుల బాధ నాకు బాగా అర్థమైంది. రుగర్ కంపెనీ వాళ్ల అమెరికన్ అనే బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో పిడి లాగి మూసేది) కొందామనుకుంటున్నా. అతనేమో రైఫిల్‌తో వచ్చే కంపెనీ ట్రిగ్గర్ పీకేసి, వేరేవాళ్లు చేసిన బయటి ట్రిగ్గర్ వేయించుకో, లేకుంటే గురి కుదరదు అంటున్నాడు. ఖర్చు చూస్తే భయంగా ఉంది. వేయించాలా, వద్దా?

ప్రొద్దుటూరు అన్న, ఆస్టిన్:

తమ్ముడూ, ట్రిగ్గర్ మాట తర్వాత. హెచ్1బీ అన్నావు చూడు, ముందు ఆ సంగతి తేల్చుకో. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. నీది కాదు, స్నేహితుడిది కాసేపు పట్టుకున్నానన్నా ఒప్పుకోరు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనలాంటివాళ్లకు పనికొచ్చేది వేట లైసెన్సు. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని లైసెన్సు నీ చేతిలో ఉండాలి.

టెక్సాస్‌లో మనవాళ్లు పొరపడేది సరిగ్గా ఇక్కడే. 2019 సెప్టెంబర్ 1 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందుల్ని వేటాడటానికి లైసెన్సు అక్కర్లేదు. నీ స్నేహితుడు కూడా అదే చెబుతాడు. సిటిజన్‌గా అతనికి అది సరిపోతుంది, నీకు సరిపోదు. పందుల కోసం కాకపోయినా, తుపాకీ ముట్టుకునే హక్కు కోసం నువ్వు లైసెన్సు తీసుకోవాల్సిందే. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. ఇంకో మాట, ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. ఆ రోజు దాటి రెన్యూ చేయకుండా రైఫిల్ ఇంట్లో పెట్టుకుంటే అదే నేరం. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో వీసా గురించి సూటిగా అడుగుతారు. అక్కడ తప్పు రాస్తే కేసుతో పాటు వీసా కూడా పోతుంది. కాబట్టి కొనేముందు ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు. ఆ ఫీజు ట్రిగ్గర్ కంటే ముఖ్యం.

ఇక నీ ప్రశ్న. నా మాట ఒక్కటే, మార్చొద్దు. ఇప్పుడే అసలు వద్దు.

ట్రిగ్గర్ బాగుందా లేదా అంటే అందరూ బరువు గురించే, అంటే పేలడానికి వేలితో ఎంత గట్టిగా నొక్కాలో దాని గురించే మాట్లాడతారు. బరువు ఒక్కటే కాదు. వేలు నొక్కడం మొదలుపెట్టాక ట్రిగ్గర్ బరబరమని కొంచెం కొంచెం జరుగుతూ పోతే, ఎప్పుడు పేలుతుందో నీకు తెలియదు. తెలియకపోతే ఒళ్లు ముందే బిగుసుకుంటుంది, గురి అక్కడే చెడుతుంది. మంచి ట్రిగ్గర్ ఎండిన కందికట్టె విరిగినట్టు పుటుక్కున తెగుతుంది, అంటే ఒక్కసారిగా వదిలి పేలుతుంది, ముందు జరగడం ఉండదు, తెగాక వెనక్కి ఎక్కువ పోదు. అలా తెగే నాలుగు పౌండ్ల ట్రిగ్గర్, జారుతూ పోయే రెండు పౌండ్ల ట్రిగ్గర్ కంటే వేయి రెట్లు నయం.

ఒకప్పుడు కంపెనీ ట్రిగ్గర్లు నిజంగానే మొద్దుగా ఉండేవి, అందుకే ఆ మాట నిలిచిపోయింది. శావేజ్ అనే రైఫిళ్ల కంపెనీ వాళ్ల అక్యూట్రిగ్గర్ వచ్చాక మిగతా కంపెనీలకూ మారక తప్పలేదు. నువ్వు కొంటానన్న రుగర్ అమెరికన్‌లో ట్రిగ్గర్ మధ్యలో ఒక సన్నటి రేకు ఉంటుంది. వేలు సరిగ్గా పడి ఆ రేకు లోపలికి పోతే తప్ప ట్రిగ్గర్ కదలదు. దాని బరువు 3 నుంచి 5 పౌండ్ల మధ్య నువ్వే సరిచేసుకోవచ్చు. టిక్కా టీ3ఎక్స్ అనే ఇంకో బోల్ట్ రైఫిల్‌లో 2 నుంచి 4 పౌండ్ల వరకు ఉంది. పందుల వేటకు ఇంతకంటే ఏం కావాలి? చలికాలం రాత్రిపూట, చేతికి గ్లవుజులతో, చుట్టూ మనుషులున్నచోట 3 పౌండ్ల కంటే తక్కువ ట్రిగ్గర్ పెట్టుకోవడం నాకు అసలు నచ్చదు. సైన్యం వాడే రకం రైఫిళ్లతో జరిగే సర్వీస్ రైఫిల్ పోటీల్లో దేశంలోకెల్లా గొప్ప షూటర్లు కూడా కనీసం 4.5 పౌండ్ల ట్రిగ్గర్‌తోనే కాల్చాలి. అంటే రెండు కిలోలకు పైన. వాళ్లకు గురి కుదరడం లేదా?

మార్చాల్సిన సందర్భాలు లేవని కాదు. ఏఆర్-15 (ఒకసారి కాల్చాక తర్వాతి తూటా దానంతటదే ఎక్కే రైఫిల్)కు వచ్చే మిల్‌స్పెక్, అంటే మిలిటరీ కొలతలతో చేసిన ట్రిగ్గర్ 5.5 నుంచి 8.5 పౌండ్ల దాకా ఉంటుంది, గరగరమంటుంది. దానికి గైసెలీ కంపెనీది లాంటి రెండు దశల ట్రిగ్గర్ (మొదట తేలిగ్గా జరిగి ఆగి, ఇంకాస్త నొక్కితే పేలేది) వేస్తే తేడా మొదటి తూటాకే తెలుస్తుంది. పాత రెమింగ్టన్ 700 బోల్ట్ రైఫిల్ ఎవరైనా చవకగా అమ్ముతుంటే మాత్రం జాగ్రత్త. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లున్న రైఫిళ్లను కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది. లోపల అతికించే పదార్థం ఎక్కువై, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని. అలాంటి దానికి టిమ్నీ, ట్రిగ్గర్‌టెక్ లాంటి బయటి కంపెనీల ట్రిగ్గర్ వేయడం సోకు కాదు, అవసరం. రుగర్ 10/22 అనే చిన్న తూటాల రైఫిల్‌కు అయితే రుగర్ వాళ్లే బీఎక్స్ ట్రిగ్గర్ విడిగా అమ్ముతారు. అది కంపెనీదా, బయటిదా అని వాదించుకోవడం కూడా దండగే.

నీకైతే ట్రిగ్గర్‌కు పెట్టే ఆ 150, 200 డాలర్లు తూటాలకూ రేంజ్ ఫీజుకూ పెట్టు. ఇంట్లో ఒక అభ్యాసం చేయి. చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కంటితో చూడు, వేలు పెట్టి చూడు. తూటాలు వేరే గదిలో పెట్టేయి. రైఫిల్ గట్టి గోడ వైపు పెట్టి, బారెల్ చివర ఒక నాణెం నిలబెట్టకుండా పడుకోబెట్టి, మెల్లగా నొక్కు. నాణెం కింద పడకుండా వరసగా నొక్కగలిగినప్పుడు నీ ట్రిగ్గర్ గురించి నీకే తెలుస్తుంది. సెంటర్‌ఫైర్ రైఫిళ్లకు, అంటే తూటా అడుగున మధ్యలో కొట్టి పేల్చేవాటికి, ఇలా ఖాళీగా నొక్కడం వల్ల నష్టం ఉండదు. తూటా అంచు మీద కొట్టి పేల్చే పాత రిమ్‌ఫైర్ వాటికి మాత్రం చేయొద్దు. అప్పటికీ ట్రిగ్గరే అడ్డమనిపిస్తే అప్పుడు మళ్లీ అడుగు, ఏది వేయాలో చెబుతా.

గుత్తి తమ్ముడు, డాలస్:

చాలా థాంక్స్ అన్నా. లైసెన్సు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కోర్సుకు ఈ వారమే పేరు ఇస్తాను. బరువు తగ్గించే స్క్రూ నేనే తిప్పుకోవచ్చా? ఇంకోటి, ఊళ్లో మా పెదనాన్నకు పంట కాపలా లైసెన్సు మీద తుపాకీ ఉంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇక్కడి నుంచి దానికేమైనా పార్టులు తీసుకుపోవచ్చా?

ప్రొద్దుటూరు అన్న, ఆస్టిన్:

స్క్రూ తిప్పుకోవచ్చు, మాన్యువల్‌లో చెప్పినంత వరకే. తిప్పిన తర్వాత, ఖాళీ రైఫిల్‌తోనే, బోల్ట్ గట్టిగా కొట్టి మూయి. కాక్ అయిన (నొక్కితే పేలడానికి సిద్ధంగా ఉన్న) ఖాళీ రైఫిల్‌ను, భుజానికి ఆనించే వెనక కొసతో రబ్బరు చాప మీద నాలుగుసార్లు కొట్టు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలేసి, ఆ తర్వాత సేఫ్టీ తీయి. వీటిలో ఒక్కసారి లోపలి పిన్ను దానంతటదే టిక్కుమని పడినా బరువు మళ్లీ పెంచాలి. పెంచినా పడుతుంటే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి పోవాల్సిందే. స్ప్రింగులు కత్తిరించడం, లోపలి అంచులు ఆకురాయితో రుద్దడం యూట్యూబ్ చూసి ఎవరు చేసినా నేను ఆ మనిషి పక్కన నిలబడను.

కర్నూలు నుంచి (ఇదివరకు హ్యూస్టన్):

పార్టుల సంగతి నేను చెబుతాను బాబూ. వద్దు. మన 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ అంటే దాని విడి భాగాలు కూడా. ట్రిగ్గర్ ఒక్కటే కదా అని బ్యాగులో వేసుకొస్తే ఇక్కడ కేసు, అక్కడ ఎగుమతి అనుమతి లేదని ఇంకో కేసు. పెదనాన్న తుపాకీకి రిపేరు కావాలంటే లైసెన్సు పుస్తకం పట్టుకుని ఇక్కడి లైసెన్సున్న డీలర్ దగ్గరికే పోనీ.

దీనికంటే ఎక్కువగా జరిగే ప్రమాదం ఒకటుంది. వేటకు, రేంజ్‌కు తీసుకుపోయిన బ్యాగునే మళ్లీ ప్రయాణానికి వాడతారు. అడుగున జేబులో ఒక్క తూటా మిగిలిపోతుంది. శంషాబాద్‌లో స్కానింగ్‌లో అది కనపడితే, మర్చిపోయానన్నా వదలరు. పండక్కి వచ్చినవాడు పాస్‌పోర్టు పట్టుకుని కోర్టు చుట్టూ తిరగాలి. కాల్చేసిన ఖాళీ తొడుగు ఉన్నా గంటలకొద్దీ ప్రశ్నలే. రేంజ్‌కు వేరే బ్యాగు, వేరే జాకెట్ పెట్టుకో. వాటిని ఎప్పుడూ విమానం ఎక్కించొద్దు. ఇండియాకు బయల్దేరే ముందు మిగతా సూట్‌కేసుల్లో కూడా ప్రతి జేబూ తిరగేసి, దులిపి, ఆ తర్వాతే బట్టలు సర్దు.