పాత ఫైబర్ బోటుకు అడుగు పలక మార్చడమా, అమ్మేయడమా?

ఒడ్డుమీద: మాది కళింగపట్నానికి దగ్గర ఊరు. నాన్న 2004లో కొన్న 28 అడుగుల ఫైబర్ బోటు మూడేళ్ళుగా ఇసుక మీదే ఉంది. లోపల కాలు పెట్టే పలక మధ్యలో మెత్తబడింది. నిలబడితే తడిసిన పరుపులా దిగుతుంది. నిన్న డ్రిల్లుతో చిన్న రంధ్రం వేశాను. ముందు నల్లటి చెక్కపొట్టు, దాని వెనకే కుళ్ళు వాసనతో నీళ్ళు వచ్చాయి. సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఈలోగా పలక మార్చగలనా? ప్లైవుడ్ వేయాలా, మరొకటి వేయాలా? చేయి తిరిగినవారు చెప్పండి.

పాత టేకు: 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ వేయండి. మెరైన్ ప్లైవుడ్ ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉన్నదే కొనాలి. కోసిన అంచులకు కూడా రెసిన్ (ఫైబర్ పనిలో వాడే, గట్టిపడే జిగురు) పట్టించండి, నీరు అంచు నుంచే దూరుతుంది. పైన రెండు పొరల గాజుపోగు మ్యాట్. కింద ఖాళీ నిండా థర్మోకోల్ దిమ్మలు పెడితే బోటు నిండినా మునగదు. నాలుగు రోజుల పని. ముప్పై ఏళ్ళుగా ఉలి పట్టిన చేయి చెబుతున్నది.

రెసిన్ మేస్త్రి: నాలుగు రోజులా! పలకే అంత కుళ్ళితే దాని కింద బోటు పొడవునా ఉండే దూలాల మాటేమిటి? సుత్తితో కొట్టి చూడండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, కుళ్ళినచోట మూగబోతుంది.

ఇంకో మాట. పలక కోయకముందే బోటును ఇసుక బస్తాల మీద వంకర లేకుండా కూర్చోబెట్టి, లోపల అడ్డంగా రెండు మూడు చోట్ల కర్రలు బిగించండి. పలక తీయగానే పక్కలు విచ్చుకుంటాయి. అప్పుడు కొత్త పలక అతికితే బోటు ఆ వంకరలోనే గట్టిపడిపోతుంది.

థర్మోకోల్ మాత్రం వద్దు. పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ తగిలితే అది మంచులా కరుగుతుంది.

పాత టేకు: కరగదు. పన్నెండు బోట్లకు వేశాను.

బరువ అబ్బాయి: కరుగుతుంది అండీ. మా కాలేజీలో బొమ్మ చేయబోతే గుంట పడింది.

పాత టేకు: మీ బొమ్మ వేటకు వెళ్ళిందా బాబూ? నా పన్నెండు బోట్లూ వెళ్ళాయి.

చింతపల్లి: ఎవరి దగ్గరైనా తక్కువ ధరకు 450 గ్రాముల మ్యాట్ ఉందా? నాకూ కావాలి.

రెసిన్ మేస్త్రి: టేకు గారూ, ఒక కప్పులో రెసిన్ పోసి థర్మోకోల్ ముక్క వేయండి. అది కరగకపోతే ఈ వృత్తి మానేస్తాను.

నా కోపానికి కారణం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా బావ బోటు కొబ్బరి చెట్టుకు కొట్టుకుని పగిలింది. ఒక వర్క్‌షాపు వాళ్ళు బాగుచేసి ఇచ్చారు. మొదట్లో పదిమంది లాగితే ఒడ్డెక్కే బోటు రెండేళ్ళకు ఇరవైమంది పట్టినా కదల్లేదు. కోసి చూస్తే థర్మోకోల్ ముక్కలు నీళ్ళు తాగి ఉన్నాయి. అంతకంటే ఘోరం, పాత రంగు గీకకుండానే దాని మీద మ్యాట్ అతికించారు. వేలు పెట్టి లాగితే అరటి తొక్కలా మూరెడు ఊడి వచ్చింది. గ్రైండర్ పెట్టి లోపలి గాజుపోగు కనిపించేదాకా గీకాలి, అసిటోన్‌తో తుడవాలి, ఆ తర్వాతే రెసిన్. బావ మళ్ళీ అప్పు చేశాడు.

పాత టేకు: ఎవరో చేసిన పాపానికి నాకు శిక్షా? నేను దిమ్మలను మందపాటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, టేపు వేసి పెడతాను. రెసిన్ దాన్ని తాకనే తాకదు.

రెసిన్ మేస్త్రి: ఈ మాట మొదటే చెప్పి ఉంటే!

పాత టేకు: అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

బరువ అబ్బాయి: 😂

రెసిన్ మేస్త్రి: కవరు చిరిగితే నీరు లోపలికే చేరుతుంది. అందుకే వెనక భాగంలో నీరు కారిపోయే దారి ఉంచాలంటాను. మీరు అన్నీ మూసేయమంటున్నారు.

పాత టేకు: రంధ్రం పెడితే నీరు లోపలికి రాదా? అసలు మూయడమే కదా మన పని!

రెసిన్ మేస్త్రి: మనకు రేవు లేదు. రోజూ కెరటం మీద నుంచి ఇసుకకు గుద్దుకుంటూ రావాలి. ఆ దెబ్బకు ఎక్కడో ఒకచోట వెంట్రుకంత చీలిక పడి తీరుతుంది. వచ్చిన నీరు పోవడానికి దారి కావాలి. ఎంత మందం వేసినా అంతే. పైగా ఒకచోట మరీ బిర్రుగా చేస్తే దాని పక్కనే పగులుతుంది.

ఒడ్డుమీద తమ్ముడూ, రెసిన్ మీరే కలుపుకుంటే ఒక జాగ్రత్త. రెసిన్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్టునూ, దాన్ని గట్టిపరిచే హార్డనర్‌నూ ఎప్పుడూ నేరుగా కలపవద్దు, పేలుతుంది. కోబాల్టును ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డనర్ పోయాలి. మే ఎండలో డబ్బాలోనే గట్టిపడుతుంది, తెల్లవారుజామున కొద్దికొద్దిగా కలుపుకోండి.

విజయనగరం లెక్కలు: ఇంత రాశారు, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే 20,000 రూపాయలు రెసిన్, మ్యాట్, ప్లైవుడ్‌లో సగానికి కూడా చాలవు. ఇంజన్ పరిస్థితి చెప్పలేదు. మూడేళ్ళు బోటు ఎందుకు కదల్లేదు? వేటకు వెళ్ళేది ఎవరు? అమ్మేయండి.

పాత టేకు: కలెక్టరేట్ దగ్గర కూర్చున్నవాళ్ళకు బోటు అంటే లెక్కే.

విజయనగరం లెక్కలు: నేను కలెక్టరేట్‌లో లేను. సముద్రపు ఒడ్డున కోనాడలో పుట్టాను. మా నాన్న బోటు బాగుచేయించడానికి అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టాడు. ఆ బోటు రెండు వేటలు చేసింది, పుస్తెలు తిరిగి రాలేదు. ఇప్పుడు చెప్పండి లెక్కలు ఎవరికి రావో.

చింతపల్లి: మ్యాట్ గురించి అడిగాను...

ఒడ్డుమీద: మీరు కొట్టుకోకండి. తప్పు నాదే, సగం చెప్పాను.

నాన్న పోయి మూడేళ్ళు. అన్నయ్య గుజరాత్‌లోని వేరావల్‌లో ట్రాలర్ (పెద్ద వల లాగే మరపడవ) మీద పనిచేస్తాడు. నేను ఊళ్ళో మోటారు రిపేరు చేస్తాను, ఇంజన్ నా చేతిలోనే ఉంది, బాగానే ఉంది. అన్నయ్య డబ్బు పంపి, 'పాతది అమ్మేసి ఇంటికి స్లాబు వేయించు' అన్నాడు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి. అప్పుడు ఇంటికి వస్తాడు, జూలై ఆఖరుకు మళ్ళీ వెళ్ళిపోతాడు. మన వైపు జూన్ 15 నుంచి వేట. ఆ నెలన్నర బోటు నీళ్ళలో ఉంటే వెళ్ళకుండా ఆగుతాడేమోనని నా ఆశ. స్లాబు డబ్బుతో పలక కొనబోతున్నాను. అన్నయ్యకు తెలియదు.

విజయనగరం లెక్కలు: అయితే ఇది ప్లైవుడ్ ప్రశ్న కాదు. ముందు ఆయనకు ఫోను చేయండి.

పాత టేకు: మా అబ్బాయి వెళ్ళేనాటికి నా బోటు బంగారంలా ఉంది. అయినా వెళ్ళాడు. అయినా మీరు పలక వేయండి. వేయకపోతే వేసి ఉంటే బాగుండేదని జీవితమంతా అనుకుంటూ ఉంటారు.

రెసిన్ మేస్త్రి: టేకు గారూ, అనుకోవడం కోసం ఎవరూ ఇంటి స్లాబు పణంగా పెట్టరు. నేను ఫైబర్ పని నేర్చుకున్నది వేరావల్‌లోనే, ఏడేళ్ళు ఉన్నాను. నెల జీతం మానేసి వచ్చి ఒడ్డున రోజుకింత పంచుకోవడం ఎవరికైనా కష్టమే. దాచి చేసిన పని చూసి ఆగడు, కోప్పడి వెళ్ళిపోతాడు. చెప్పి చేయండి. ఆయన సరేనంటే నేను రెండు రోజులు వస్తాను, భోజనం పెడితే చాలు.

ఒడ్డుమీద (నాలుగు రోజుల తర్వాత): ఫోను చేశాను. గట్టిగా తిట్టాడు. పది నిమిషాలకు తనే చేసి, 'దూలాలు ఎలా ఉన్నాయి' అని అడిగాడు.

ఈ ఉదయం బస్తాలు పెట్టి, కర్రలు బిగించి, పలక కోశాను. ఎడమ దూలం బాగుంది. కుడిది స్క్రూడ్రైవర్ దిగేంత మెత్తగా ఉంది. వెనక భాగంలో నీరు పోయే రంధ్రం ముందే ఉందట, కానీ దానిలో తారులో ముంచిన గుడ్డ బిగించి కొట్టి ఉంది. అది నాన్న లుంగీ ముక్క, ఆ నీలం గళ్ళు చూడగానే గుర్తుపట్టాను. లోపలికి నీరు రాకూడదని మూశాడు, ఉన్న నీరు లోపలే నిలిచి కుళ్ళింది.

రెసిన్ మేస్త్రి: శనివారం బయలుదేరుతున్నాను. ఆ గుడ్డ పారేయకండి.

పాత టేకు: రంధ్రం విషయంలో సరే. కవరు చుట్టిన థర్మోకోల్ మాత్రం కరగదు.