ఫ్రెషర్‌గానే వెళ్లాలా, రెండేళ్ల అనుభవం ‘పెట్టించుకోవాలా’?

పేట అమ్మాయి:
నాది నరసరావుపేట దగ్గర ఊరు. బీటెక్ సీఎస్‌ఈ, 2023 బ్యాచ్. ఆ ఏడాది మా కాలేజీకి వచ్చినవి మూడే కంపెనీలు. అందులో ఒకటి ఫోనులో కోర్సులు అమ్మే ఉద్యోగానికి వచ్చింది. తర్వాత బ్యాంకు పరీక్షలకు చదివాను. ప్రిలిమ్స్ రెండుసార్లు దాటాను, మెయిన్స్‌లో పోయింది. ఇప్పుడు నాలుగు నెలలుగా అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి జావా నేర్చుకుంటున్నాను.

ఫ్రెషర్ ఉద్యోగాల ప్రకటనల్లో ఈ ఏడాది బ్యాచ్, మహా అయితే నిరుటి బ్యాచ్ అడుగుతున్నారు. మిగతావాటికి రెండేళ్ల అనుభవం కావాలి. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నాను. మొన్న మా ఇన్‌స్టిట్యూట్ పై అంతస్తులో ఉండే కన్సల్టెన్సీ ఆయన పిలిచాడు. గ్యాప్ ఉన్న ఆ రెండేళ్లలో ఉద్యోగం చేసినట్లు ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఇస్తారట, పీఎఫ్ కూడా ‘కట్టి చూపిస్తారట’. మొత్తం లక్షా ఇరవై వేలు. ముందు పది వేలు, మిగతాది ఉద్యోగం వచ్చాక. మా గదిలో నలుగురం ఉంటే ఇద్దరు కట్టేశారు. నేనూ పది వేలు ఇచ్చేశాను. ఇచ్చిన రాత్రి నుంచి నిద్ర లేదు. నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా, ఆయనకు ఇంకా చెప్పలేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి, ఇది అందరూ చేసేదేనా?

మైత్రీవనం 2016:
చెల్లెమ్మా, ఇక్కడ నీతులు చెప్పేవారు చాలామంది వస్తారు. వారు రాకముందే నేను రాస్తున్నాను. అవును, చాలామంది చేసేదే. నేనూ చేశాను.

2016లో ఎనిమిది నెలలు తిరిగాను. రెస్యూమే ఇచ్చిన ప్రతిచోటా ‘ఫ్రెషర్లను తీసుకోవడం లేదు’ అన్నమాటే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో రెండున్నరేళ్ల అనుభవం పెట్టించుకున్నాను, మూడో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. మొదటి మూడు నెలలు రాత్రి తొమ్మిదికి ఒకాయనకు ఫోను చేసి, పగలు నాకిచ్చిన పని ఆయన చెబుతుంటే చేసేవాడిని. దానికి జాబ్ సపోర్ట్ అని పేరు, నెలకు పదిహేను వేలు. నాలుగో నెల నుంచి ఆయన అవసరం రాలేదు. ఒంగోలులో ఇల్లు కట్టాం, చెల్లి పెళ్లి చేశాను. నా కాగితం అబద్ధం కావచ్చు, నేను చేసిన పని అబద్ధం కాదు. పని ఇవ్వకుండా అనుభవం తెమ్మనే కంపెనీలది మాత్రం ఏం న్యాయం?

పాత ప్యానెల్:
పద్నాలుగేళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మైత్రీవనం గారి కోపంలో సగం నాకూ ఉంది. కానీ బల్లకు ఇవతలి వైపు నుంచి ఏం కనిపిస్తుందో చెప్పాలి.

ఫేక్ పెట్టుకున్నవారిని పట్టుకోవడానికి జావా ప్రశ్నలు పనికిరావు. వాటికి వారే బాగా చెబుతారు, నాలుగు వందల ప్రశ్నల పీడీఎఫ్ చదివి వస్తారు కాబట్టి. నేను అడిగేవి వేరు. పోయిన నెల ఒక అబ్బాయి వచ్చాడు, మూడేళ్ల అనుభవం, ఆఫీసు మాదాపూర్ అన్నాడు.

‘మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేసేవారు?’
‘క్యాంటీన్‌లో సార్.’
‘క్యాంటీన్ ఏ అంతస్తు?’
‘...కింద సార్.’
‘మీ జట్టులో అందరికంటే విసుగు పుట్టించే మనిషి ఎవరు? పేరు వద్దు, ఎందుకు విసుగో చెప్పండి.’

అంతే, అక్కడ ఆగిపోయాడు. మూడేళ్లు పనిచేసినవారు ఈ ప్రశ్నకు నవ్వుతారు, ఎవరో ఒకరు గుర్తుకొస్తారు. ఈ అబ్బాయి ముఖంలో ఎవరూ గుర్తుకు రాలేదు. తర్వాత, ‘మీరు చేసిన తప్పు వల్ల ప్రొడక్షన్‌లో ఏదైనా ఆగిపోయిందా?’ అంటే, ‘లేదు సార్, నేను తప్పులు చేయలేదు’ అన్నాడు. నిజంగా పనిచేసినవారెవరూ అలా అనరు.

ఇంకో సంగతి. అనుభవం పెట్టుకున్నవారు కోల్పోయేది ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫ్రెషర్‌కు ‘నాకు తెలియదండీ’ అనే హక్కు ఉంటుంది. ఆరు నెలలు దాన్ని ఎంతైనా వాడుకోవచ్చు, పక్కవారిని విసిగించి నేర్చుకోవచ్చు. రెండున్నరేళ్ల అనుభవం అని రాసుకున్నవారు అడగలేరు. అడిగితే దొరికిపోతారు. అందుకే రాత్రి తొమ్మిదికి ఫోను, నెలకు పదిహేను వేలు. పక్క కుర్చీలో ఉచితంగా దొరికే సమాధానాన్ని మైత్రీవనం గారు డబ్బిచ్చి కొనుక్కున్నారు.

మైత్రీవనం 2016:
చక్కగా చెప్పారు సార్. ఆ హక్కు ఉన్న ఫ్రెషర్‌ను మీ కంపెనీ పోయిన ఏడాది ఎంతమందిని తీసుకుంది? అందులో నరసరావుపేట కాలేజీల వారు ఎంతమంది? కుర్చీయే ఇవ్వనప్పుడు పక్క కుర్చీ గురించి ఎందుకు?

పాత ప్యానెల్:
నా జట్టులోకి ఇద్దరు. ఇద్దరూ పెద్ద కాలేజీల వారే. మీరన్నది కాదనలేను.

ప్లేస్‌మెంట్ మాస్టారు:
ఒక కాలేజీలో ప్లేస్‌మెంట్లు చూస్తాను, కాబట్టి తిట్లు ముందే తీసుకుంటున్నాను. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాకా వెళ్లాయి. పేద పిల్లలు చదువుకున్నారు, అది మంచిదే. కానీ అన్ని గుమ్మాలకూ కంపెనీలు రావు. మేము బ్రోచర్ మీద అచ్చువేసే ‘వంద శాతం ప్లేస్‌మెంట్లు’ ఎలా లెక్కపెడతామో రాస్తే నా ఉద్యోగం పోతుంది, అది వదిలేయండి.

అమ్మాయికి అవసరమైన విషయం పీఎఫ్ గురించి. ‘కట్టి చూపిస్తాం’ అన్నాడు చూశారా, అదే పెద్ద ఉచ్చు. 2014లో యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు వచ్చాక మనిషికి ఒకటే నంబరు, ఎన్ని కంపెనీలు మారినా అన్నీ దాని కిందికే వస్తాయి. పాస్‌బుక్ తెరిస్తే ఏ నెల జీతానికి కట్టారో ఒకచోట, డబ్బు ఏ తేదీన జమైందో ఇంకోచోట కనిపిస్తుంది. రెండేళ్ల పీఎఫ్ మొత్తం ఒకే వారంలో జమైతే వెరిఫికేషన్ చేసేవారికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ డబ్బు కూడా మీరు కట్టే లక్షా ఇరవై వేలలోదే. పైగా ఆ బోగస్ కంపెనీ పేరు మీ నంబరు కింద రాసి ఉంటుంది. రెస్యూమే అయితే రేపు మార్చి రాసుకోవచ్చు, దీన్ని తుడిపించుకోవడానికి పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగాలి.

2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా, బోగస్ సంస్థల నుంచి అనుభవ పత్రాలు తెచ్చుకున్నవారిని తొలగించామని బహిరంగంగానే ప్రకటించింది. అలాంటి సంస్థ పేరు ఒకసారి బయటపడితే, ఆ పేరు రాసుకున్న పాతవారందరి ఫైళ్లూ మళ్లీ తీస్తారు. చట్టం సంగతికి వస్తే భారతీయ న్యాయ సంహితలో 318 మోసం, 336 ఫోర్జరీ. నేను చూసినంతలో కంపెనీలు కేసుల దాకా వెళ్లవు, ఆ సాయంత్రమే లాప్‌టాప్ తీసుకుని పంపేస్తాయి.

డాలస్ రాత్రిపాళి:
ఇది అమీర్‌పేటతో ఆగదు. ఇక్కడ అమెరికాలో చదువు అయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్నవారు మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ 90 రోజుల భయం చూపించే మన కన్సల్టెన్సీలు పాతికేళ్ల పిల్లవాడికి ఎనిమిదేళ్ల అనుభవం రాస్తాయి. అంటే ఇంటర్ రెండో ఏడాది నుంచి హైదరాబాద్‌లో బ్యాంకింగ్ ప్రాజెక్టు చేస్తున్నాడన్నమాట! నవ్వొస్తుంది గానీ, ఆ రెస్యూమేలు నిజంగా తిరుగుతున్నాయి.

అమ్మాయి ఎప్పుడైనా ఎంఎస్‌కో ఉద్యోగానికో ఇటు రావాలనుకుంటే వీసా దరఖాస్తులో పాత ఉద్యోగాలు రాయాలి. ఫేక్ కంపెనీ రాస్తే అబద్ధం, రాయకపోతే పీఎఫ్ రికార్డుతో పొసగదు. వీసా కోసం కీలకమైన విషయంలో అబద్ధం ఆడారని తేలితే జీవితాంతం ప్రవేశం నిరాకరించే నిబంధన ఉంది.

ఒక తండ్రి:
మా అబ్బాయి ఇలాగే కట్టాడు. ఉద్యోగం పదకొండు నెలలు ఉంది. ఇప్పుడు ఆ పదకొండు నెలల నిజమైన అనుభవాన్ని కూడా ఎక్కడా చూపించలేకపోతున్నాడు.

పాత ప్యానెల్:
ఈ తండ్రి గారి మాట మళ్లీ చదవండి. మైత్రీవనం గారూ, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. 2016 నుంచి ఎన్ని కంపెనీలు మారారు?

మైత్రీవనం 2016:
మారలేదు.

రెండుసార్లు ఆఫర్లు వచ్చాయి, ఒకటి ఇప్పుడున్న జీతానికి దాదాపు రెట్టింపు. వెరిఫికేషన్ ఫారం తెరిచి, మొదటి కంపెనీ గడి దగ్గర ఆగి, మూసేశాను. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, ఫోను ఎత్తేవారు లేరు. సరే, ఇది కూడా లెక్కలో వేసుకోండి. అయినా ఆనాటి నా పరిస్థితిలో మళ్లీ అదే చేసేవాడినేమో. ఇంట్లో అప్పులవాళ్లు కూర్చుని ఉంటే ఎదురుచూసే ఓపిక ఎవరికి ఉంటుంది?

ప్లేస్‌మెంట్ మాస్టారు:
ఓపిక ఒక్కటే సరిపోదు, దారి కూడా ఉండాలి. అమ్మా, కేంద్రం నడిపే నాట్స్ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ఉంది. దక్షిణాదికి దాని బోర్డు చెన్నైలో ఉంటుంది. ఏడాది పని, కనీస స్టైపెండులో సగం కేంద్రం భరిస్తుంది, చివర్లో ధ్రువపత్రం ఇస్తారు. జీతం చిన్నదే, హాస్టల్ ఖర్చుకే సరిపోవచ్చు. కానీ ఆ కాగితం ఎవరు తిరగేసినా నిలుస్తుంది. ఇంకా చదువుతున్నవారికి ఒక మాట: ఈ పోర్టల్, ఇంటర్న్‌షిప్పులు మూడో ఏడాదిలోనే చూసుకోండి. నాలుగో ఏడాది మార్చిలో నా గదికి వచ్చి ‘సార్, ఏమైనా ఉందా’ అంటే నా దగ్గర టీ తప్ప ఏమీ ఉండదు.

గ్యాప్ గురించి కూడా దాచవద్దు. ‘రెండేళ్లు బ్యాంకు పరీక్షలకు చదివాను, రెండుసార్లు ప్రిలిమ్స్ దాటాను’ అని రెస్యూమేలోనే ఒక వరుస రాయండి. మీ స్కోరు కార్డులే దానికి సాక్ష్యం.

పేట అమ్మాయి:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నాన్నకు ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘పది వేలేగా పోయింది’ అన్నారు. కన్సల్టెన్సీ ఆయన తిరిగి ఇవ్వనన్నాడు, కావాలంటే జావా కోర్సులో తగ్గిస్తాడట.

ఒక సందేహం. నా రెస్యూమేలో ప్రాజెక్టు అని ఉన్నది కాలేజీలో అందరం కలిసి కొనుక్కున్న లైబ్రరీ మేనేజ్‌మెంటే. అది కాకుండా, ఇంటి దగ్గర ఉన్నప్పుడు నాన్న కోసం ఒకటి చేశాను. యార్డులో ఒక్కో రైతువి పాతిక, ముప్పై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు వస్తాయి. ఒక్కోదాని తూకం వేరు. తరుగు, హమాలీ, కమీషన్ తీసేసి రైతుకు పట్టీ (ఎంత డబ్బు రావాలో చూపే లెక్క చీటీ) రాయాలి. నాన్న రాత్రి పదకొండు దాకా క్యాలిక్యులేటర్‌తో కూర్చునేవారు. తూకాలు ఎక్కిస్తే పట్టీ వచ్చేలా చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. రెండు సీజన్లుగా వాడుతున్నారు. అది చాలా చిన్నది, దాన్ని రాయవచ్చా?

పాత ప్యానెల్:
ఇన్నాళ్లూ దీన్ని ఎందుకు దాచారమ్మా? లైబ్రరీని తీసేయండి, దీన్ని పైన పెట్టండి. రెండు సీజన్లు నిజమైన మనిషి, నిజమైన డబ్బుతో వాడినది. నేనే ప్యానెల్‌లో ఉంటే ఇంటర్వ్యూ మొత్తం దీని మీదే నడిపిస్తాను. ఇప్పుడే మొదలుపెడుతున్నాను: ఎవరో పొరపాటున ఒకే టిక్కీ తూకం రెండుసార్లు ఎక్కిస్తే మీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?

మైత్రీవనం 2016:
చెల్లెమ్మా, ఈ ప్రశ్నకు సమాధానం రాసి రెస్యూమే నాకూ పంపు. మా దగ్గర రెఫరల్స్ తీసుకుంటున్నారు. ఫ్రెషర్‌గానే ఇస్తాను.

పేట అమ్మాయి:
రెండుసార్లూ కలిపేస్తుంది సార్. కిందటి మార్చిలో ఒకసారి అలాగే జరిగింది. ఒక రైతుకు డబ్బు ఎక్కువ వెళ్లింది, ఆయనే మర్నాడు తెచ్చి ఇచ్చాడు. అప్పుడు సరిచేయాలని తోచలేదు. టిక్కీకి వరుస నంబరు పెడితే ఆపవచ్చనుకుంటున్నాను. కానీ యార్డులో నంబరు చెరిగిపోయిన టిక్కీలు కూడా వస్తాయి. వాటిని ఏం చేయాలో తెలియదు. రేపు నాన్నను అడిగి రాస్తాను.