అప్‌డేట్: సస్క్వెహానాలో స్మాల్‌మౌత్ బాస్‌కి ఏ ఫ్లై పనిచేసిందంటే

పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ చేపల కోసం ఏ ఫ్లైలు (ఈకలు, వెంట్రుకలతో కట్టే నకిలీ ఎరలు) కొనాలని ఇక్కడ అడిగాను కదా. ఎక్కువమంది క్లౌజర్ మిన్నో అన్నారు. అదే పనిచేసింది. అందరికీ చాలా థ్యాంక్స్.

1980లలో ఫిషింగ్ గైడ్ బాబ్ క్లౌజర్ ఈ ఫ్లైని తయారుచేసింది ఈ నదిలోని బాస్ కోసమేనట, వాడాక నమ్మకం కుదిరింది. తల దగ్గర డంబెల్ ఆకారంలో బరువైన కళ్లుంటాయి. లైన్ లాగితే ముందుకు దూకుతుంది, ఆపగానే తల కిందికి పెట్టి మునుగుతుంది. చేప ఎరను పట్టేది ఎక్కువగా ఆ ఆపిన క్షణంలోనే, అందుకే లైన్ వదులుగా వదలకండి. హుక్ మొన పైకి ఉంటుంది కాబట్టి రాళ్లలో తక్కువగా చిక్కుకుంటుంది.

బండల వెనక నీరు నెమ్మదించే చోట గోధుమరంగు క్రేఫిష్ (రొయ్యలాంటి జీవి) ఫ్లైని అడుగునే మెల్లగా జరిపితే పెద్దవి వచ్చాయి. ఎండ దిగాక పాపర్, అంటే నీటిపై తేలే ఫ్లై, వాడాను. చేప నీటిపైకి లేచి దాన్ని అందుకోవడం చూస్తుంటే ఎంత ఆనందమో! 7 వెయిట్ రాడ్ (మధ్యస్థ బరువు లైన్‌కి సరిపడే గాలపు కర్ర) అన్నిటికీ సరిపోయింది. పట్టినవన్నీ మళ్లీ నదిలోకే వదిలేశాను.

అక్టోబర్‌లో నీళ్లు చల్లబడ్డాక క్లౌజర్‌ని ఇంకా నెమ్మదిగా లాగాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.