ఊలు కుట్టు పూర్తయింది కానీ కాన్వాస్ వంకరపోయింది, దిండు గలీబుగా ఎలా మలచాలి?

సూదిమొన:
అందరికీ నమస్తే. ఉండేది న్యూజెర్సీలో. ఇక్కడ పక్కింటావిడ దగ్గర నీడిల్‌పాయింట్ నేర్చుకున్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, మన మ్యాటీ కుట్టు లాంటిదే గానీ మెత్తటి గుడ్డ బదులు గంజి పెట్టిన గళ్ల కాన్వాస్ ఉంటుంది, దాని మీద ఒక్క గడి కూడా ఖాళీ కనపడకుండా మొత్తం ఊలుతో నింపేయాలి. అందుకే బాగా మందంగా వస్తుంది, సోఫా దిండ్లకీ కుర్చీ సీట్లకీ వాడతారు.

షాపుల్లో అమ్మే కుక్కపిల్లలు, క్రిస్మస్ తాతల బొమ్మలు నాకు అంతగా ఎక్కలేదు. అమ్మ దగ్గరున్న తేలియా రుమాల్ అనే ఇక్కత్ చీర డిజైన్ని గ్రాఫ్ పేపర్ మీద వేసుకుని ఎరుపు, నలుపు, తెలుపు ఊలుతో కుట్టాను. ఇక్కత్‌లో గీతలు ఎలాగూ మెట్లు మెట్లుగా ఉంటాయి కదా, గళ్లలో భలే ఇమిడింది. అంగుళానికి 13 గళ్లు, కుట్టిన మేర 14 అంగుళాల చదరం, అంటే 33 వేల పైచిలుకు కుట్లు. చుట్టూ రెండేసి అంగుళాల ఖాళీ కాన్వాస్ వదిలాను, అంచున నల్లటి బోర్డర్ గీత కూడా ఉంది.

ఇప్పుడు చూస్తే చదరం చదరంలా లేదు, పక్కకి వాలిపోయింది. ఇక్కడ ఫినిషింగ్ చేసే షాపులో అడిగితే ఊలుకీ కాన్వాస్‌కీ అయిన ఖర్చు కన్నా ఎక్కువ చెప్పారు. సంక్రాంతికి హైదరాబాద్ వస్తున్నాను, అక్కడ మామూలు టైలర్ చేత కుట్టించవచ్చా, లేక ఇంట్లో ఉషా మెషిన్ మీద నేనే కుట్టుకోనా? వెనక గుడ్డకి ఎర్ర పోచంపల్లి కాటన్ వేయాలా, నల్ల వెల్వెట్ వేయాలా? అత్తగారేమో మధ్యమధ్యలో అద్దాలు, పూసలు కుట్టమంటున్నారు, "ఇంత కష్టపడి ఇలా బోసిగా వదిలేస్తావా" అని. ఏం చేయమంటారు?

మామిడిపిందె:
అమ్మాయ్, ముందు వెనక్కి తిప్పి చూడు. పొడుగాటి ఏటవాలు గీతలు కనిపిస్తే కాంటినెంటల్ కుట్టు, బుట్ట అల్లికలా కనిపిస్తే బాస్కెట్‌వీవ్. నీది మొదటిదే అయ్యుంటుంది. ప్రతి కుట్టూ ఒకే పక్కకి వాలి దారాన్ని ఒకే దిక్కుకి లాగుతుంది కాబట్టి కాన్వాస్ కూడా అటే పోతుంది, ఇందులో వింతేమీ లేదు. బాస్కెట్‌వీవ్‌లో వెనక దారాలు ఒక వరసలో అడ్డంగా, ఇంకో వరసలో నిలువుగా పోయి లాగుడు సరిపోతుంది, అందుకే పెద్ద దిండ్లకి అదే కుట్టమంటారు. ఇంకోసారికి గుర్తుంచుకో.

ఇప్పుడున్నదాన్ని సరిచేయడాన్ని బ్లాకింగ్ అంటారు. టైలర్ దగ్గరికి వెళ్లేముందు ఇది జరిగి తీరాలి, ఏ టైలరూ వంకర కాన్వాస్‌ని మెషిన్ మీద తిన్నగా చేయలేడు. పిన్ను దిగే మెత్తటి బోర్డు ఒకటి కావాలి, ఆఫీసుల్లో నోటీసులు పెట్టేలాంటిది చాలు. దాని మీద గళ్ల లుంగీ ఒకటి లాగి పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ షీటు వేయి. లుంగీ గళ్లే నీకు స్కేలు. ప్లాస్టిక్ ఎందుకంటే తడికి లుంగీ రంగు పైకి రాకుండా.

తడిపే ముందు తెల్ల గుడ్డ ముక్క తడిపి ఎర్ర ఊలు మీద గట్టిగా అదిమి చూడు. రంగు అంటితే నీళ్ల జోలికే పోకు, ఇస్త్రీపెట్టె ఆవిరి దూరం నుంచి పట్టించి లాగాలి, పని నెమ్మదిగా అవుతుంది అంతే. అంటకపోతే తడి తువ్వాలులో చుట్టి కాసేపు ఉంచు. కాన్వాస్‌కి పెట్టిన గంజి మెత్తబడి గుడ్డలా వంగుతుంది. అప్పుడు ఎటు వాలిందో దానికి ఎదురు మూలలు రెండూ పట్టుకుని గట్టిగా లాగు, భయపడకు, తెగదు. తర్వాత బోర్డు మీద బోర్లా పెట్టి, ఒక అంచు లుంగీ గీతకి సరిపెట్టి పిన్నులు గుచ్చు, ఆపై ఎదురంచు, ఆపై మిగతా రెండూ. పిన్నులు స్టీల్‌వి, తుప్పు పట్టనివి. ఖాళీ కాన్వాస్‌లోనే గుచ్చాలి, ఊలులో కాదు. అంగుళానికి ఒకటైనా ఉండాలి, లేకపోతే అంచు అలలు అలలుగా ఆరుతుంది.

బాగా ఆరాలి. పైకి ఆరినట్టుండి లోపల చెమ్మ ఉంటే, పిన్నులు తీసిన గంటలోనే మళ్లీ వాలిపోతుంది. మీకక్కడ చలి కాబట్టి రెండు మూడు రోజులు పట్టినా కదపకు. గంజి మళ్లీ గట్టిపడి కొత్త ఆకారంలో నిలబడుతుంది. కొంచెం వంకర మిగిలితే ఇంకోసారి చేయొచ్చు. ఇస్త్రీ మాత్రం మీద పెట్టి రుద్దొద్దు, ఊలు అణిగి మెరుపెక్కిపోతుంది.

రెండో_బాబిన్:
మేడం, మాది విజయవాడలో టైలరింగ్ షాపు. కర్టెన్లు, సోఫా కవర్లు, దిండ్లు అన్నీ కుడతాం. మామూలు టైలర్ కుట్టగలడు, కానీ దగ్గరుండి చెప్పించుకోండి. చెప్పకపోతే బ్లౌజు ముక్క అనుకుని ఖాళీ కాన్వాస్ మొత్తం పావంగుళానికి కోసేస్తాడు, ఆ కాన్వాస్ పోగులు ఊడితే కుట్టు నిలవదు. కత్తెర పెట్టకముందే ఊలు అంచుకి అరంగుళం బయట చుట్టూ రెండు వరసలు జిగ్‌జాగ్ కొట్టించండి, ఆ తర్వాతే దాని బయట కోయాలి.

అసలు కుట్టు ఎక్కడ పడాలంటే ఆఖరి ఊలు వరస మీద కాదు, దాని పక్కన ఖాళీలో అసలే కాదు. ఒక వరస లోపలికి రావాలి. అంటే మీ నల్ల బోర్డర్లో ఒక వరస పోతుంది. పోనివ్వండి. అలా చేయకపోతే దిండు నింపాక అంచున తెల్ల కాన్వాస్ పళ్లికిలిస్తుంది. బోర్డర్ ఒకే వరస అయితే ఇప్పుడే ఇంకో రెండు వరసల నల్ల ఊలు కలపండి, బ్లాకింగ్‌కి ముందే.

మెషిన్‌కి 16 నంబర్ సూది వేయండి, కుట్టు పొడుగు కొంచెం పెంచండి. పైపింగ్ వేస్తే సింగిల్ ఫుట్ (ఒకే పక్క కాలుండే ప్రెస్సర్ ఫుట్) ఉండాలి. పైపింగ్ గుడ్డ క్రాస్‌గా కోయాలి, నిలువుగా కోస్తే మూలల దగ్గర ముడతలు పడుతుంది. ముందు పైపింగ్‌ని కాన్వాస్‌కి కుట్టి, తర్వాత వెనక గుడ్డ పెట్టి, కాన్వాస్ వైపు నుంచి చూస్తూ అదే కుట్టు మీద మళ్లీ కుట్టాలి. మామూలు ఇంటి ఉషా మెషిన్ అయితే మూలల దగ్గర నాలుగు మందాలు కలుస్తాయి, మోటారు ఆపి చక్రం చేత్తో తిప్పండి.

మూలల సంగతి ఒకటుంది. మామూలు దిండుకి మూలలు మేక చెవుల్లా పొడుచుకురాకుండా, పక్క మధ్య నుంచి మూలకి వచ్చేసరికి పావంగుళం లోపలికి కుడతాం. మీది గీతల డిజైను, అలా కుడితే మూల దగ్గరికి వచ్చేకొద్దీ బోర్డర్ సన్నబడి ఎవరో కొరికేసినట్టు కనిపిస్తుంది. కాబట్టి అంచు తిన్నగానే పోనిచ్చి, మూల దగ్గర మాత్రం సూది తిప్పేచోట రెండు కుట్లు అడ్డంగా వేయండి. కవరు తిరగేశాక ఆ మూలలో వేలితో కొంచెం దూది కూరండి. చాలు.

జిప్పు అంచులో వద్దు, కాన్వాస్ మందానికి జిప్పు వంకరపోతుంది. వెనక గుడ్డని రెండు ముక్కలు చేసి, కింద నుంచి రెండంగుళాల పైన జిప్పు వేస్తే కనపడదు, పని తేలిక. లోపలి దిండు 16 బై 16 తీసుకోండి, 14కి 14 వేస్తే మూలలు వాడిపోయి ఉంటాయి.

చమ్కీ_చెంగు:
అక్కా, మీ అత్తగారికే నా ఓటు 😀 ఇక్కత్ ఎంత బాగున్నా ఊలుతో కుడితే మెరుపుండదు. ఎలాగూ హైదరాబాద్ వస్తున్నారు కదా, చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కి వెళ్తే గాజులే కాదు, జరీ లేసులు, పూసలు, కుందన్లు ఏది కావాలంటే అది దొరుకుతుంది. మగ్గం వర్క్ వాళ్లకి ఇస్తే ప్రతి డైమండ్ మధ్యలో ఒక అద్దం, చుట్టూ చమ్కీలు కుట్టి పెడతారు. లంబాడీ వర్క్‌లో ఎరుపు నలుపు మీద అద్దాలు ఎంత అందంగా ఉంటాయో చూడండి.

మామిడిపిందె:
చమ్కీ_చెంగు, అందం కాదనను. కానీ అది తల పెట్టుకునే దిండు. అద్దం చుట్టూ దారం ఎంత గట్టిగా వేసినా చెంపకి గీసుకుంటుంది, చమ్కీలు జుట్టు పట్టి లాగుతాయి. మగ్గం వాళ్లు గుడ్డని ఫ్రేముకి బిగించి కొక్కెం మొనున్న ఆరీ సూదితో పైనుంచి గుచ్చి లాగుతారు, పల్చటి సిల్కు మీద అది వెన్నలా దిగుతుంది. ఊలు నిండిన గట్టి కాన్వాస్‌లో ఆ కొక్కెం ఊలు పోగుల్ని చీల్చుకుంటూ పైకి వస్తుంది. ఆమె ఒక్కో గడీ లెక్కపెట్టి కుట్టిన పని అది.

ఇంకో మాట. తేలియా రుమాల్ అందమంతా ఆ మూడు రంగులు ఒకదానికొకటి ఎదురు నిలవడంలో ఉంది. తెలంగాణలోని పుట్టపాకలో నేసేవాళ్లు పోగుపోగుకీ ముందే రంగులద్ది, పడుగూ పేకా రెండూ సరిగ్గా కలిసేలా నేస్తారు. దాని మీద అద్దం పెడితే కన్ను అద్దం దగ్గరే ఆగిపోతుంది. అలంకారం కావాలంటే అంచుకి పెట్టుకో. లంబాడీ వాళ్ల సంచులకి కూడా చూడు, గవ్వలూ కుచ్చులూ అంచునే వేలాడతాయి.

అత్తగారి మాట తీసేయలేకపోతే, నాలుగు మూలల్లో ఉన్న తెల్ల గళ్లలో మాత్రం 11 నంబర్ చిన్న పూసలు కుట్టు, 13 గళ్ల కాన్వాస్‌కి ఒక్కో గడికి ఒక్కో పూస సరిపోతుంది. మామూలు దారం వద్దు, సన్నటి నైలాన్ దారం. బ్లాకింగ్ అయ్యాకే కుట్టాలి, లేకపోతే బోర్లా పెట్టినప్పుడు పూసలు లోపలికి అచ్చు పడతాయి.

సూదిమొన:
ఆంటీ, కాంటినెంటలే! వెనక అంతా పొడుగు గీతలే ఉన్నాయి. రంగు పరీక్ష కూడా చేశాను, తెల్ల గుడ్డకి ఏమీ అంటలేదు, ఈ రాత్రికే బోర్డెక్కిస్తా. బాబిన్ అన్నా, బోర్డర్ రెండు వరసలే ఉంది, మీరన్నట్టే ఇంకో రెండు కలుపుతున్నా. అంచు అలంకారం అన్నారు కదా, మిగిలిన ఊలుతో తాడు, కుచ్చులు చేయొచ్చా? చీర కుచ్చులు వేయడం వచ్చు, ఊలుతో ఎప్పుడూ వేయలేదు. అప్పుడు పైపింగ్ ఉండాలా వద్దా?

నర్సాపురం_కోడలు:
తాడు వేస్తే పైపింగ్ వద్దు, రెండూ కలిస్తే అంచు బరువెక్కి డిజైన్ కన్నా అదే ముందు కనిపిస్తుంది. నేనైతే తాడుకే ఓటేస్తా, ఎందుకంటే పైన వేసిన తాడు కుట్టు లైనుని కప్పేస్తుంది, మెషిన్ కుట్టు ఎక్కడైనా ఒక వరస అటూ ఇటూ పోయినా ఎవరికీ తెలియదు.

తాడు పేనడానికి పొడుగు మూడింతలు తీసుకోవాలి. మీ దిండు చుట్టుకొలత 56 అంగుళాలు, జాయింటుకి కాస్త కలుపుకుని 5 మీటర్ల పోగులు నాలుగు తీయండి, రెండు నలుపు, రెండు ఎరుపు. ఒక కొస తలుపు గడియకి కట్టి, రెండో కొసకి పెన్సిల్ కట్టి ఒకే దిక్కుకి తిప్పుతూ పోండి. కొంచెం వదులు చేస్తే తనంతట తనే మెలికలు పడే దాకా తిప్పాలి, మధ్యలో విసుగొచ్చి ఆపేస్తే తాడు నిలవదు. అప్పుడు ఎవరినైనా నడుమ పట్టుకోమని, పెన్సిల్ కొసని గడియ దగ్గరికి తీసుకెళ్లి, నడుమ వదిలేయమనండి. రెండు పాయలూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఎనిమిది పోగుల తాడు అవుతుంది. కొసలు వెంటనే ముడి వేయాలి, లేకపోతే క్షణంలో విప్పుకుపోతుంది.

కొసలు ఎక్కడ దాచాలనేది చాలామందికి తట్టదు. వెనక గుడ్డ కుట్టేటప్పుడే కింది అంచు మధ్యలో అరంగుళం కుట్టకుండా వదలండి. తాడు రెండు కొసలూ ఆ సందులోకి దూర్చి చేత్తో మూసేయండి. తాడు కుట్టేటప్పుడు సూది తాడు పైనుంచి కాకుండా, కింది భాగంలో పాయల మధ్య నుంచి పోనివ్వండి, దారం కనపడదు.

కుచ్చులు చీరకి వేసినట్టే. మూడంగుళాల అట్టముక్కకి ఊలు ఓ నలభై చుట్లు చుట్టి, పైన కట్టి, మెడ బిగించి, కింద కోయడమే. ఊలు కుచ్చు మొదట్లో జడ విప్పిన జుట్టులా రేగి ఉంటుంది, ఆవిరి పట్టించి చేత్తో కిందికి దువ్వితే పడుకుంటుంది. మెడ దగ్గర బంగారు జరీ దారం నాలుగు చుట్లు వేయండి, మీ అత్తగారి మెరుపు కోరిక అక్కడ తీరిపోతుంది. వాటిని సీములో పెట్టి మెషిన్ కుట్టొద్దు, విడిగా చేత్తో కుట్టండి. కవరు డ్రై క్లీనింగ్‌కి ఇచ్చినప్పుడు ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు.

మా ఊళ్లో అయితే చుట్టూ క్రోషే లేసు వేస్తారు. నర్సాపురం లేసంటే నాకూ ప్రాణమే, కానీ తెల్ల నూలు లేసు ఈ ఊలు డిజైనుకి నప్పదు. దీనికి తాడే.

రెండో_బాబిన్:
వెనక గుడ్డ సంగతి మర్చిపోయాం. వెల్వెట్ రిచ్‌గా ఉంటుంది కానీ మెషిన్ కింద జారిపోతూనే ఉంటుంది, కచ్చా కుట్టు వేయకుండా మొదలుపెడితే ఒక పక్క అరంగుళం మిగిలిపోతుంది. కొత్తగా కుట్టేవాళ్లయితే కాటన్ వేసుకోండి. ఎర్ర కాటన్‌ని మాత్రం కుట్టే ముందు నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి ఆరేసి ఇస్త్రీ చేయండి. ముందు తడపకుండా కుడితే తర్వాత ఎప్పుడైనా తడిసినప్పుడు గుడ్డ కుంచించుకుపోయి దిండు వెనక్కి ముడుచుకుంటుంది. రంగు దిగితే ఆ ఎరుపు మీ తెల్ల ఊలు మీదికే వస్తుంది. జాడించాక కూడా దిగుతుంటే ఆ గుడ్డ పక్కన పెట్టేసి నల్ల కాటన్ తీసుకోండి మేడం. కుట్టిన తర్వాత ఎటూ నీళ్లలో వేయకుండా డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి.

మామిడిపిందె:
ఊలు కాబట్టి పురుగు సంగతి కూడా చూసుకో. వాడనప్పుడు ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకు, చెమ్మ పడుతుంది. పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, ఎండిన వేపాకు వేసి పెట్టు. అప్పుడప్పుడూ తీసి దులిపి నీడలో గాలి తగలనివ్వు. ఎండలో ఎక్కువసేపు పెడితే ఆ ఎరుపు వెలిసిపోతుంది.

సూదిమొన:
అందరికీ థాంక్స్. నల్ల కాటన్, ఎరుపు నలుపు తాడు, మూలలకి జరీ మెడ కుచ్చులు అనుకుంటున్నా. అద్దాలు లేవని అత్తగారికి ఫోన్‌లో చెప్పాలి, అదొక్కటే టెన్షన్.

చమ్కీ_చెంగు:
లాడ్ బజార్‌లో ఆవిడకి అద్దాల వర్క్ బటువా ఒకటి కొనిపెట్టండి అక్కా, దిండు ఊసు ఎత్తరు.