100 వాట్ల ఛార్జింగ్ రెండు నిమిషాలకే 34కి పడిపోతోంది: తగ్గిస్తున్నది ఛార్జరా, ఫోనా?

నా ఫోన్ ఆవిష్కరణ వేదిక మీద కంపెనీ చెప్పింది: 100 వాట్లు, 25 నిమిషాల్లో ఫుల్. బ్యాటరీ 5000 ఎంఏహెచ్, అంటే సుమారు 19.4 వాట్‌అవర్లు. 25 నిమిషాల్లో నిండాలంటే సగటున సుమారు 47 వాట్లు లోపలికి వెళ్తే చాలు. కాబట్టి ఆ 100 శిఖరం అంకె మాత్రమే, సగటు కాదు. (నక్షత్రం గుర్తు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ‘ల్యాబ్ పరిస్థితుల్లో’ అని ఉంది లెండి.)

కానీ నాకు పడుతున్నది 46 నిమిషాలు.

పెట్టెలో వచ్చిన ఛార్జర్, కేబులే వాడాను. మధ్యలో యూఎస్‌బీ మీటర్ పెడితే కంపెనీ సొంత ప్రోటోకాల్ (ఛార్జర్, ఫోన్ మాట్లాడుకునే పద్ధతి) కుదరక 9 వోల్టులు, 3 ఆంపియర్ల దగ్గరే, అంటే 27 వాట్ల దగ్గరే ఆగుతోంది. అందుకే గోడ సాకెట్ దగ్గర వాట్ మీటర్ పెట్టి కొలిచాను: మొదట 88 వాట్లు, సరిగ్గా రెండు నిమిషాలకు ఒక్కసారిగా 34. ఆ క్షణంలో బ్యాటరీ వేడి 36 డిగ్రీలే.

కవర్ తీసి, ఫ్యాన్ కింద, ఫోన్ ఆపేసి, సేఫ్ మోడ్‌లో (బయటి యాప్‌లు నడవకుండా), ఛార్జింగ్ పోర్టు కాంటాక్టులు తుడిచి చూశాను, మార్పు లేదు. 2 శాతం నుంచి మొదలుపెట్టినా, 20 నుంచి మొదలుపెట్టినా అదే రెండు నిమిషాలు. సెట్టింగుల్లో ‘వేగవంతమైన ఛార్జింగ్’ ఆన్‌లోనే ఉంది. ఛార్జర్ మాత్రం అప్పటికే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.

అదే కంపెనీ ఛార్జర్ ఇంకొకటి అందుబాటులో లేదు. అది లేకుండా, ఛార్జరే వేడికి తగ్గిస్తోందా, ఫోనే తక్కువ అడుగుతోందా అని తేల్చే పరీక్ష ఏది?